నాలుగూ ఆరూ లేని గది

నలభై మూడు పరిశోధనా వ్యాసాలు. యతిరాజులు ఆ జాబితాను మూడోసారి మొదటినుంచి చివరిదాకా చదివి, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒక్క వ్యాసం పేరుకైనా నాలుక తిరిగితే ఒట్టు. చిగుళ్ళ జబ్బు, షుగర్ జబ్బు, మళ్ళీ షుగర్ జబ్బు, చిగుళ్ళ జబ్బు. ఇరవై ఏళ్ళుగా ఆ డాక్టరమ్మ ఈ రెండింటినే పట్టుకుని తిప్పి తిప్పి రాసింది. చిగుళ్ళు చెడితే షుగర్ అదుపు తప్పుతుందట, షుగర్ అదుపు తప్పితే చిగుళ్ళు చెడతాయట. ఈమాత్రానికి నలభై మూడు వ్యాసాలెందుకు, యతిరాజులు నోరు తెరిచి చూపిస్తే సరిపోయేది. అరవై ఒకటో ఏడు, పన్నెండేళ్ళ షుగర్, కింది వరసలో ఊగుతున్న పన్ను ఒకటి. పొద్దున పళ్ళు తోముకుంటే వాష్‌బేసిన్ ఎర్రబడింది.

చింతాద్రిపేటలో ఇంటికెళ్ళి ఫ్యాన్ కింద పడుకోవాలని ఉంది. ఈ కేసు తీసుకున్న రోజునుంచీ అదే కోరిక. కానీ ఇప్పుడు పదకొండున్నర అయింది, మధ్యాహ్నం మూడున్నరకు కాలేజీ కమిటీ కూర్చుంటుంది.

కేసు చెప్పుకోవడానికి చిన్నదే. ఈ ప్రైవేటు దంత వైద్య కళాశాలలో చిగుళ్ళ విభాగం ప్రొఫెసర్ వసంతలక్ష్మి, తొమ్మిది రోజుల కిందట, మంగళవారం మధ్యాహ్నం, పాత బ్లాకు వెనక ఇనుప మెట్ల పైనుంచి కమ్మీ మీదుగా కింద పడి చనిపోయింది. అంతకు వారం ముందు ఒక విదేశీ పత్రిక ఆమెకు ఉత్తరం రాసింది. మీ ఈమధ్య వ్యాసాల్లో కొలతలు నమ్మేలా లేవు, సంజాయిషీ చెప్పండి, అని. ఆ కొలతలు తీసింది ఆమె దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న వర్షిణి. ఇంకేం, కాలేజీవాళ్ళకు కథ దొరికింది. దొంగ కొలతలు రాసింది వర్షిణి, మేడం పట్టుకుంది, మెట్ల మీద గొడవైంది, తోసేసింది. కమిటీ ఆ మాట కాగితం మీద పెట్టి సంతకాలు చేస్తే పోలీసులు వచ్చి పిల్లను తీసుకుపోతారు. ఇరవై ఏడేళ్ళ పిల్ల.

యతిరాజులును పెట్టుకున్నది కాలేజీ కాదు, చనిపోయినామె భర్త రఘురామ్. ఆయనకు షోళింగనల్లూరులో ఒక డేటా కంపెనీ ఉంది. చిగుళ్ళ ఫోటో చూసి షుగర్ ఎంతుందో చెప్పే యాప్ తయారు చేస్తున్నాడు, అదీ భార్య వ్యాసాల ఆధారంతోనే. "నా భార్య పేరు చెడకూడదు రాజులుగారూ. చేసింది ఆ అమ్మాయేనని రుజువు చేయండి, చాలు" అని ఫైలు చేతిలో పెట్టాడు. మర్యాదస్థుడు. గంటకోసారి కబురడుగుతాడు. అడక్కపోయినా కబురివ్వడం యతిరాజులుకు పాత అలవాటు. క్రైమ్ బ్రాంచిలో ఉన్నన్నాళ్ళూ పై ఆఫీసరుకు, రిటైరై సొంతంగా కేసులు పట్టుకున్నాక క్లయింటుకు. ఏ అడుగేసినా ఒక మెసేజ్ పడాల్సిందే.

జాబితాలో ఒక సంగతి మాత్రం గుడ్డివాడికైనా కనిపిస్తుంది. మొదటి పదిహేడేళ్ళలో ఇరవై మూడు వ్యాసాలు. చివరి మూడేళ్ళలో ఇరవై. మొదటివాటిలో వసంతలక్ష్మి పేరు ఒక్కటే, చివరి ఇరవైలో మూడేసి పేర్లు. వర్షిణి చేరి మూడేళ్ళయింది. ఆ పిల్ల వచ్చింది, వ్యాసాలు పుట్టగొడుగుల్లా మొలిచాయి. కాలేజీవాళ్ళ కథ తప్పని చెప్పడానికి ఎక్కడా సందు లేదు.

సందు లేదు గానీ, ఒక ముల్లు ఉంది. శవం మీద దొరికిన వస్తువుల పోలీసు జాబితాలో ఏడో వరస: కోటు జేబులో, దంత పరికరం, ఒకటి.

వర్షిణి సెమినార్ హాల్లో చివరి కుర్చీలో కూర్చుని ఉంది. ఒంగోలు పిల్ల. కళ్ళ కింద నల్లటి చారలు, ముందు తాగని టీ.

"మంగళవారం ఒంటి గంటనుంచి ఒకటీ నలభైదాకా ఏడ ఉండావమ్మా?"

"ల్యాబ్‌లో సార్. రక్తం శాంపిళ్ళు ఫ్రిజ్‌లో సర్దుతున్నా."

"ఎవరన్నా చూసినారా?"

"శాంపిళ్ళు చూశాయండి."

ఆ పిల్ల వెటకారంగా అనలేదు. తొమ్మిది రోజులుగా అదే ప్రశ్నకు అదే జవాబు చెప్పి చెప్పి అలిసిపోయింది. యతిరాజులుకు ఎందుకో జాలేసింది. ఈ ఉద్యోగంలో జాలి పనికిరాదని తనే పదిమందికి చెప్పాడు.

"కొలతలు కంప్యూటర్లో ఎక్కించింది నువ్వేనా?"

"నా లాగిన్‌లోంచే ఎక్కాయి సార్. అదే కదా నా ఖర్మ. పాస్‌వర్డ్ మా డిపార్ట్‌మెంట్‌లో గోడ మీద అంటించి ఉంటుంది. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ అందరూ చూస్తారు. ఆ మాట చెబితే కమిటీవాళ్ళు నవ్వారు."

"మరి నీ మాటే నిజమని చూపించేదానికి ఏముంది?"

"కాగితం చార్టులు సార్. నోట్లో కొలిచింది కొలిచినట్టు ముందు కాగితం మీద రాస్తాం. పైన రికార్డు గదిలో కట్టలు కట్టి ఉంటాయి. వాటినీ అచ్చయినవాటినీ పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. కానీ మేడం పోయినప్పటినుంచి నన్ను ఆ గది గడప తొక్కనివ్వట్లేదండి." ఆగి, టీ కప్పును కొంచెం దూరం జరిపింది. "నేను మేడాన్ని తోశానని ఎవరైనా అడిగితే నాకు కోపం కూడా రావట్లేదు సార్ ఇప్పుడు. మా అమ్మకి ఫోన్ చేయాలంటేనే భయంగా ఉంది."

పన్నెండున్నరకు యతిరాజులు పాత బ్లాకు వెనక్కి వెళ్ళాడు. రెండో అంతస్తులో రికార్డు గది, దాని వెనక తలుపు తీస్తే ఇనుప మెట్లు. మోకాళ్ళు తిట్టుకుంటుంటే ఎక్కుతూ లెక్కపెట్టాడు. మలుపు దాకా పదిహేడు, మలుపు నుంచి పైకి పదిహేడు. చేతి కమ్మీ నడుము ఎత్తున గట్టిగానే ఉంది, కాలు జారినంత మాత్రాన దాన్ని దాటి పడడం కుదరదు. పై మెట్టు దగ్గర ఇద్దరు పక్కపక్కన నిలబడే చోటు లేదు. ఒకరు ముందు నడవాలి, ఒకరు వెనక రావాలి. ఆ వెనక వచ్చింది ఎవరన్నదే ప్రశ్న.

దిగి, ఒగర్పు తగ్గాక, క్లయింటుకు మెసేజ్ పెట్టాడు: మెట్లు చూసినాను, జారి పడినట్టు లేదు. వెంటనే జవాబొచ్చింది. "సంతోషం. ఆఫీసులో మీటింగ్‌లో ఉన్నాను, కమిటీ టైముకు వచ్చేస్తాను."

ఒంటి గంటకు భోజనానికి పోయిన అంతోని ఒకటీ నలభైకి తిరిగొచ్చాడు. ఇరవై రెండేళ్ళుగా అదే వేళ. అంబత్తూరునుంచి రెండు బస్సులు మారి వస్తాడు. వసంతలక్ష్మి దగ్గర అసిస్టెంటు, ఆమె కొలిచి చెబుతుంటే రాసేది అతనే. ఆమెను మెట్ల కింద చూసిన మొదటి మనిషీ అతనే. తల్లిది సూళ్ళూరుపేట, అందుకని తెలుగు తమిళం కలిపి కొడతాడు.

"ఆ రోజు నీతో ఏమన్నా చెప్పినారా మేడం?"

"ఆమా సార్. పన్నెండూ యాభై అయిదుకు ట్రేలోంచి ఒక ప్రోబ్ తీసి కోటు జేబులో వేసుకునె. ఏంది మేడం అంటే, ఒకరికి చూపించాల అంతోని, నువ్వు పోయి తినేసి రా అనె. అంతే సార్. అదే కడపటి మాట." అంతోని కళ్ళు తుడుచుకోలేదు, ట్రే తుడవడం మొదలుపెట్టాడు.

"ఏడీ, ఆ ప్రోబ్ ఒకటి చూపీ."

పెన్సిలంత పొడవు ఉక్కు కడ్డీ. కొస వంకర తిరిగి సూదిలా సన్నగా ఉంది, ఆ సూది మీద వెంట్రుకల్లాంటి గీతలు. పంటికీ చిగురుకూ మధ్య ఎంత సందు పడిందో దీనితో కొలుస్తారని అంతోని చెప్పాడు. సందు ఎంత లోతైతే జబ్బు అంత ముదిరినట్టు. యతిరాజులుకు చెబితే ఎక్కలేదు. చూస్తే గానీ ఏదీ ఎక్కని మనిషి. వర్షిణిని పిలిపించాడు.

"కొలిచేది ఎట్లనో నా నోట్లో చూపీ తల్లీ. రోజూ ఎట్ల చేస్తావో అట్లనే."

ఆ పిల్ల తటపటాయించింది. చేతులు కడుక్కుని, గ్లవుజులు తొడుక్కుని, లైటు సరిచేసేసరికి మనిషి మారిపోయింది. గొంతు కూడా మారింది. కూర్చున్నవాడు డిటెక్టివ్ అన్న సంగతి మర్చిపోయినట్టుంది. అంతోని చార్టు తీసుకుని పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"మూడు, రెండు, మూడు. మూడు, మూడు, ఐదు. ఐదు, మూడు, ఐదు."

అంకె వెంట అంకె, పాఠం అప్పజెప్పినట్టు. అంతోని కలం ఒక్క క్షణం వెనకబడలేదు. ఊగే పన్ను దగ్గర ఆ పిల్ల కొంచెం ఆగింది. "ఏడు, ఎనిమిది, ఏడు. సార్, ఇది ఆగదండి. మందులు సరిగ్గా వేసుకోవట్లేదు కదా మీరు?"

నోరు తెరిచి పెట్టుకున్నవాడు ఏం చెబుతాడు. జైలుకు పోబోయే పిల్ల తన షుగర్ గురించి బాధపడుతోంది. ఎందరినో ఇంటరాగేట్ చేశాడు గానీ, ఇలాంటి ముద్దాయిని చూడలేదు.

కింది వరస అయ్యాక పుక్కిలించి, చార్టు చేతిలోకి తీసుకున్నాడు. పంటికి ముందువైపు మూడు, వెనకవైపు మూడు, ఎనభైకి పైగా అంకెలు. ఒకట్లు, రెండ్లు, మూళ్ళు, ఐదులు, ఏడులు, ఒక ఎనిమిది. రెండుసార్లు చూశాడు.

"ఇందులో నాలుగు ఏదీ? ఆరు ఏదీ?"

వర్షిణీ అంతోనీ ఒకరినొకరు చూసుకున్నారు, ఇదేం ప్రశ్న అన్నట్టు.

"ఉండదు సార్" అన్నాడు అంతోని. ప్రోబ్ లైటు కింద పట్టి గోటితో గీతలు చూపించాడు. "ఒకటి, రెండు, మూడు. ఆడ చూడండి, ఖాళీ. తర్వాత ఐదు. మళ్ళీ ఖాళీ. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. కంటికి గీతలు కలిసిపోకుండా నాలుగు, ఆరు విడిచిపెట్టేసినారు, ఈ రకం ప్రోబ్ తయారీయే అట్ల. వేరే డాక్టర్లు మధ్యలో పడితే అందాజుగా నాలుగనో ఆరనో చెప్తారు. మేడం ఒప్పుకోదు. గీత లేని అంకె నోట రాకూడదు, మూడు దాటితే ఐదే. ఇరవై రెండేండ్లు సార్, ఈ గదిలో నాలుగూ లేదు, ఆరూ లేదు."

"నేను చేరిన రోజు ఒకసారి నాలుగు అన్నాను" అంది వర్షిణి. "ప్రోబ్ కింద పెట్టి బయటికి వెళ్ళమన్నారు. పేషెంటు ముందే. ఇప్పుడు నా నోటికి ఆ అంకె రాదండి."

యతిరాజులు రఘురామ్ ఇచ్చిన ఫైలు తెరిచాడు. చివరి ఇరవై వ్యాసాల కొలతల పట్టికలు, వర్షిణి లాగిన్ అని ఎర్ర పెన్నుతో గుర్తులు పెట్టినవి. కేసు తీసుకున్నప్పటినుంచీ ఈ అంకెలను చీమల బారులా చూసి పేజీ తిప్పేశాడు. ఇప్పుడు మొదటి వరసలోనే నాలుగు. దాని పక్కన ఆరు. నాలుగు, మూడు, ఆరు, నాలుగు. పేజీ నిండా నాలుగులూ ఆరులూ.

ఈ పట్టికలు రాసినవాళ్ళు ఎవరో గానీ, ఈ గదిలో ఒక్క పూట కూడా నిలబడలేదు.

రెండూ పదికి అంతోని దగ్గర తాళం ఇప్పించి, "పోయి ఆ కాగితం చార్టులు తీసుకురా తల్లీ, మూడున్నరలోగా నా చేతికి రావాల" అని వర్షిణిని రికార్డు గదికి పంపించాడు. కమిటీ అనుమతి లేదు. ఉన్న నౌకరీ ఎటూ లేదు, ఊడేదేముంది అనుకున్నాడు. అలవాటు కొద్దీ ఫోన్ తీసి మెసేజ్ కొట్టాడు: కొలతలు దొంగవే, కానీ రాసింది వర్షిణి కాదనిపిస్తా ఉంది. పాత చార్టులు ఆధారం. ఆ పిల్ల ఒక్కతే పైన రికార్డు గదిలో వెతకతా ఉంది.

ఈసారి జవాబు రాలేదు.

జవాబుకు బదులు శ్యామ్ వచ్చాడు. కాలేజీ తరఫున దర్యాప్తు చేస్తున్న ప్రైవేటు సంస్థలో పెద్ద ఉద్యోగి. పదేళ్ళ కిందట యతిరాజులు దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇస్త్రీ నలగని చొక్కా, చంకలో స్పైరల్ బైండింగ్ చేసిన రిపోర్టు.

"ఏం సార్, పండ్లు చూపించుకుంటా ఉండారా? మంచిదే, పైసా పడకుండా ఓసీలో అయిపోతుంది" అన్నాడు గుమ్మంలోంచే. "రిపోర్టు ఇచ్చేస్తా ఉండాను. పిల్లే చేసింది. మీరూ ఒక సంతకం పెట్టేసినారంటే ఇద్దరం ఇంటికి పోవచ్చు."

"ఆ పిల్ల చేయలేదు శ్యామ్." యతిరాజులు చార్టూ పట్టికా పక్కపక్కన పరిచి, గీతల సంగతి చెప్పాడు.

శ్యామ్ చివరిదాకా విన్నాడు. అంతవరకు మెచ్చుకోవాలి. "సరి సార్. దొంగ లెక్క రాసేవాళ్ళు నోటికొచ్చిన అంకె రాస్తారు. గీతలు చూసి రాస్తారా?"

"నోటికొచ్చిందే రాస్తారు, నేనూ అదే చెప్పేది. ఆ పిల్ల నోటికి నాలుగు రాదు. కోడికూర ముట్టని ఇంటివాళ్ళు పెండ్లి వంటకు దొంగ జాబితా రాసినా అందులో కోడికూర రాయరు. పప్పే ఇంకొంచెం ఎక్కువ రాస్తారు."

"ఇదంతా కమిటీలో నిలబడదు. నిలబడేది నేను చెప్తాను వినండి. ఒంటి గంటకు మేడం జేబులో ప్రోబ్ పెట్టుకుని, ఒకరికి చూపించాల అని పోయింది. ఎవరికి చూపిస్తుంది? స్టూడెంటుకే గదా. తప్పు ఏడ చేసిందో చూపించేదానికి పిలిచింది. ఆడ గొడవైంది. మీకు వయసైపోయింది సార్, పిల్లను చూస్తే కరిగిపోతా ఉండారు. గంటకోసారి క్లయింటుకు రిపోర్టు ఇచ్చే అలవాటొకటి. నేనైతే ఏ క్లయింటుకూ చివరిదాకా నోరు విప్పను. అది మీ దగ్గర నేర్చుకోలేదు."

ఆ మాట గుచ్చుకుంది. కానీ యతిరాజులు మనసు అంతకు ముందు మాట, ఒకరికి చూపించాల అన్న మాట దగ్గరే ఆగిపోయింది.

"మూడేండ్లుగా ఆ కడ్డీ ఆ పిల్ల చేతిలోనే ఉండాది" అన్నాడు నెమ్మదిగా. "రోజుకు పది నోళ్ళలో పెట్టి తీస్తుంది. ఆ పిల్లకు దాన్ని కొత్తగా చూపించేది ఏముంది శ్యామ్? తెలియనివాళ్ళకే గదా చూపిస్తారు. ఈ గీతలు జన్మలో చూడనివాళ్ళకు."

శ్యామ్ వంగి చార్టులో అంకెలు మళ్ళీ చూశాడు.

జాబితా మళ్ళీ తీశాడు యతిరాజులు. చివరి ఇరవై వ్యాసాలు, ప్రతిదాని కింద మూడు పేర్లు. మూడేళ్ళ కిందట కొత్తగా చేరింది ఒక పేరు కాదు, రెండు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం అన్నట్టు, ఇన్నాళ్ళూ రొయ్యల కోసం ఊరంతా వెతికాడు, బుట్ట చేతికిచ్చిన మనిషిని తప్ప. వసంతలక్ష్మి పళ్ళ డాక్టరు. వర్షిణి పళ్ళ డాక్టరు. మూడో పేరు రఘురామ్, కంప్యూటరు మనిషి. ఈ ఇరవై వ్యాసాలు కూలితే ఆయన యాప్ కూలుతుంది. గోడ మీద పాస్‌వర్డు చూడ్డానికి భార్య డిపార్ట్‌మెంటుకు వచ్చేవాడిని ఎవరు ఆపుతారు.

"అంతోనీ, రఘురామ్ సార్ షోళింగనల్లూరులో గదా ఉండేది ఇప్పుడు?"

అంతోని కిటికీలోంచి చూశాడు. "లేదే సార్. ఆయన తెల్ల కారు పదిన్నరనుంచి ఈడనే ఉంది, జెనరేటర్ షెడ్డు పక్కన. మీకు చెప్పలేదా?"

యతిరాజులు ఫోన్ చూశాడు. తను రెండూ పదికి పెట్టిన మెసేజ్ కింద రెండు నీలం గుర్తులు, చదివేశాడు. ఆ పిల్ల ఒక్కతే పైన రికార్డు గదిలో. తన చేత్తో తనే రాశాడు.

టైము రెండూ ముప్పై ఒకటి. వర్షిణికి ఫోన్ చేస్తే నాలుగో రింగుకు ఎత్తింది.

"సార్, దొరికాయండి." మూడు రోజులకు సరిపడా సంతోషం ఉంది ఆ గొంతులో. "మొత్తం కట్ట దొరికింది. ఒక్క నాలుగు లేదు, ఒక్క ఆరు లేదు."

"మంచిది తల్లీ. అన్నీ ఆడనే పెట్టేసి నువ్వు ముందు తలుపు గుండా కిందికి రా. ఇప్పుడే."

"వచ్చేస్తున్నా సార్. రఘురామ్ సార్ కూడా వచ్చారు, కట్ట ఆయనే మోస్తానన్నారు. ముందు తలుపు ఎందుకో బిగుసుకుపోయిందండి, రావట్లేదు. వెనక తలుపు తీశారు. నువ్వు ముందు నడువమ్మా, నేను వెనక వస్తా అంటున్నారు. ఇటే దిగి..."

లైను తెగిపోయింది.

"శ్యామ్," అన్నాడు యతిరాజులు. "నీ మోకాళ్ళు బాగుండాయి గదా. మెయిన్ మెట్లు ఎక్కి ముందు తలుపు పగలగొట్టు. అడగొద్దు, పో."

శ్యామ్ అడగలేదు. రిపోర్టు నేల మీద పడేసి పరిగెత్తాడు.

యతిరాజులు వెనక గుమ్మంవైపు పరిగెత్తబోతుంటే ఫోన్ మోగింది. మెసేజ్. "చాలా శ్రమపడ్డారు రాజులుగారూ. మీ పని అయిపోయింది. ఇక ఇంటికెళ్ళి పడుకోండి."

పొద్దుటినుంచి ఆ మాట ఎవరైనా అంటే బాగుండునని ఎంతగా అనుకున్నాడో. ఫోన్ అక్కడే కుర్చీలో పడేసి బయటికి వచ్చాడు. తల పైకెత్తి చూశాడు. చిట్టచివరి ఇనుప మెట్టు మీద రెండు జతల కాళ్ళు కనిపించాయి. ముందున్నవి చెప్పులేసుకున్న ఆడపిల్ల కాళ్ళు. వెనకున్నవి ఆగిపోయాయి.

"వర్షిణీ, కమ్మీ పట్టుకో" అని అరిచాడు. ఊగుతున్న పన్ను దగ్గర రక్తం చిమ్మింది. మొదటి మెట్టు ఎక్కాడు, రెండోది ఎక్కాడు, ఇంకా ముప్పై రెండు ఉన్నాయి.